కర్నల్ ముట్టని కప్పు

డమాస్కస్
2010 నవంబర్ 12

అన్నయ్య నాయిఫ్‌కి నీ చెల్లెలు వస్ఫియా సలాములు.

నువ్వూ, హమ్దా వదినా, మిఫ్లెహ్ బాబూ కులాసాగా ఉన్నారనుకుంటాను. మినీబస్సు అబూ శలాష్ చేత పంపిన, నూనెలో ఊరిన పెరుగుముద్దల జాడీ అందింది. నూనె సగం అతని సీటే తాగేసింది. ఇన్నేళ్ళు బస్సు నడిపినా ఆ మనిషికి బ్రేకు ఎప్పుడు వేయాలో తెలియదు. మిగిలినవి మా ఆయన నాకు రుచికైనా ఉంచకుండా లాగించేశారు. పైకి మాత్రం "మీ హౌరాన్ వాళ్ళ చేతికి ఉప్పెక్కువ" అంటారు.

ఫోన్ చేయడం మానేశానని వదిన అలిగిందట. నేను హలో అనగానే మా ఇద్దరి మధ్యా మూడో మనిషెవరో దగ్గుతున్నాడని చెప్పు. అతని జలుబు తగ్గాక చేస్తాను. అందాకా ఈ కాగితాలే మేలు. అబూ శలాష్ బ్రేకు వేయకపోయినా నోరు మాత్రం విప్పడు.

అసలు సంగతికి వస్తాను. మిఫ్లెహ్ వ్యవసాయం చదువు చదివి, పట్టా పుచ్చుకుని, ఇంకొకడి తోటలో టమాటాలు కోస్తున్నాడని తెలిసి నా కడుపు రగిలిపోయింది. పార్టీలో చేరితే నీటిపారుదల ఆఫీసులో గుమస్తాగా పెట్టిస్తానని మా ఆయన అద్నాన్ అంటున్నారు. వాడేమో పోయినసారి వచ్చినప్పుడు ఆయన మొహం మీదే, "మామా, ఆ ఉద్యోగానికి చదువు కావాలా, చప్పట్లు కొట్టడం రావాలా?" అని అడిగాడు. ఆ కోపం ఆయన నా మీద చూపించారు. వాడికి కాస్త నచ్చచెప్పు అన్నయ్యా. ఆ పెడసరం నీ దగ్గరే నేర్చాడు.

నీ చెల్లెలు
వస్ఫియా


ఖిర్బత్ హమద్
2010 డిసెంబర్ 9

చెల్లీ వస్ఫియా,

అద్నాన్‌కి ఉప్పెక్కువైతే వచ్చేసారి జాడీలో బెల్లం వేసి పంపుతానని చెప్పు.

ఇక్కడ వాన లేదు. తాత తవ్వించిన బావి అడుగున పావురాలు కాపురం పెట్టాయి. బోరు వేసుకుంటానని అర్జీ పెట్టాను. అందరి సంతకాలూ అయ్యాయి, చివరిది భద్రతా ఆఫీసు వాళ్ళది. బోరుకీ భద్రతకీ ఏం సంబంధమని అడక్కు. ఇక్కడ పెళ్ళికి పాటగాణ్ణి పిలవాలన్నా వాళ్ళ అనుమతే కావాలి. మన పొలం గట్టు అవతల ఆ భద్రతా ఆఫీసు కర్నల్ గారి బావమరిది ఏ అనుమతీ లేకుండా బోర్లు దించాడు. మన నీళ్ళు వాడి టమాటాల్లో ఎర్రగా కాస్తున్నాయి. మిఫ్లెహ్ కూలికి వెళ్ళేది ఆ తోటకే. పక్కన గుడారాల్లో ఈశాన్యం నుంచి కరువుకి తరలి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు ఇంకా తక్కువకి వస్తారు కాబట్టి రేపో మాపో వీడికి ఆ పని కూడా పోతుంది.

నవ్వుకోవడానికి ఒకటి చెబుతాను. ఊరికి మంచినీళ్ళ పథకమని రాజధాని నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కొత్త ట్యాంకులో చుక్క లేదు. ముందురోజు ట్యాంకరు తెచ్చి నింపారు. ఆయన రిబ్బన్ కత్తిరించి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కున్నాడు. మేమంతా చప్పట్లు. అంతలో మన మిఫ్లెహ్ వెనక నుంచి చాలా మర్యాదగా, "అయ్యా, రేపు కూడా వస్తాయా?" అని అడిగాడు. అంతే వస్ఫియా. ముందు ఒక ముసలాడు కిసుక్కుమన్నాడు, తర్వాత ఆడవాళ్ళు, చివరికి బడిపిల్లలు కూడా. కర్నల్ నవ్వలేదు. ఎవరెవరు నవ్వుతున్నారో చూసుకుంటూ నిలబడ్డాడు.

నేను సైన్యంలో ఉన్నప్పుడు గోడమీద అప్పటి అధ్యక్షుడి పటం ఉండేది. మిఫ్లెహ్ సైన్యానికి వెళ్ళినప్పుడు ఆయన కొడుకు పటం. మేకు మాత్రం అదే. వాణ్ణి నేనేం నచ్చచెప్పను?

అన్నయ్య
నాయిఫ్


డమాస్కస్
2011 జనవరి 21

అన్నయ్యా,

నువ్వు నవ్వుకోమన్నావు, నేను ఏడిచాను. ఆ కుళాయి కథ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసా? మా వీధి రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉంటే నా వెనక ఎవడో, "రేపు కూడా వస్తాయా అండీ?" అన్నాడు. ముందున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. వాళ్ళకి అది ఊరికే జోకు. అది నా మేనల్లుడి నోటి మాటని తెలిసిన నేను రొట్టెలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

ఆ ట్యునీసియా వాళ్ళు ఇరవై ఏళ్ళ పైబడ్డ కోపమంతా ఒక్కసారి వీధుల్లో కుమ్మరించారట. వాళ్ళ పెద్దాయన విమానమెక్కి పారిపోయాడు. టీవీలో అది రాగానే మా ఆయన వంటల ఛానల్ పెట్టేశారు. వంకాయ ఎలా వేయించాలో ఆయన నేర్చుకుని ఎవరిని ఉద్ధరిస్తారు? కళ్ళు వంకాయ మీద, చెవులు పక్కింటి టీవీ మీద. "మన దగ్గర అలాంటివి జరగవు" అని అడక్కుండానే మూడుసార్లు చెప్పారు.

మిఫ్లెహ్‌ని నా దగ్గరికి పంపెయ్. ఇక్కడ మనిషి కనపడకుండా బతకొచ్చు. నువ్వు కూడా వాడి మాటలకి మురిసిపోవడం మాను. ఉత్తరంలో ఆ కథంతా రాశావు చూడు, అందులో భయం లేదు, గర్వముంది. నీ గర్వానికి వాడు బలైపోతాడు.

వస్ఫియా


ఖిర్బత్ హమద్
2011 ఫిబ్రవరి 20

వస్ఫియా,

మిఫ్లెహ్‌ని పట్టుకుపోయారు.

మంగలి దుకాణంలో సగం గడ్డం గీసి ఉండగా వచ్చారట. మంగలి, "అయ్యా, రెండో వైపు గీసేస్తాను, ఒక్క నిమిషం" అంటే, "ఆ వైపు మేం గీస్తాంలే" అన్నారట. ఈజిప్టు పెద్దాయన కూడా దిగిపోయాడు కదా, అప్పటి నుంచి వీళ్ళకి ప్రతి నవ్వూ తమ మీదే అనిపిస్తోంది.

భద్రతా ఆఫీసుకి వెళ్ళాను. "ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు" అన్నాడు బల్ల దగ్గరివాడు. వాడి వెనక కుర్చీ మీద మిఫ్లెహ్ కోటు వేలాడుతోంది. మోచేతి దగ్గర మీ వదిన వేసిన అతుకు నాకు తెలియదా? "ఆ కోటు?" అన్నాను. "ఏ కోటు?" అన్నాడు. హమ్దా అన్నం వండుతుంది, మూత పెడుతుంది, మళ్ళీ గొర్రెలకి వేస్తుంది. నాకు భయంగా ఉంది. ఇది రాయడానికి సిగ్గు కూడా లేదు.

ఊరి కుర్రాళ్ళు ఉడికిపోతున్నారు. మసీదు ముందు నిలబడి అడుగుదామంటున్నారు. నేను ఆగమంటున్నాను.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ మాట అన్నది మనవాడని డమాస్కస్‌లో తెలిసింది నీకొక్కదానికే. నా ఉత్తరాలు మీ ఇంట్లో ఇంకెవరు చదువుతారు?

నాయిఫ్


డమాస్కస్
2011 మార్చి 10

అన్నయ్యా,

కోపం తెచ్చుకోకని రాసి కత్తి దించావు. ఆయన పిరికివాడు, ఒప్పుకుంటాను. బూట్ల శబ్దం వింటే రేడియో తగ్గిస్తారు. కానీ చాడీలు చెప్పే మనిషి కాదు. మిఫ్లెహ్ మాట ఊరంతా విన్నది, కర్నల్ తన చెవులతో విన్నాడు, నీకు మాత్రం మా ఇల్లే కనిపించిందా? నేను ఉత్తరం పట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి, నా పుట్టింటికి నేనేమిటో చూపిస్తాననుకున్నాను.

మా ఆయన పైఅధికారి భార్య మదామ్ సుహైర్ ఇంటికి వెళ్ళాను. మీ కర్నల్, ఆమె భర్త ఒకే ఊరివాళ్ళు. నీ పెరుగుముద్దలే పట్టుకెళ్ళాను. ముందు ఆమె నన్ను పనిమనిషిలా చూసింది. "మీ వాళ్ళు మోటువాళ్ళటగా?" అంది. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు చెప్పాను మన సంగతి. మా ఊళ్ళో ఒక పని అడగడానికి వచ్చిన మనిషి కాఫీ కప్పు ముందు పెట్టుకుని ముట్టడు. ఇంటివాడు "తాగు, నువ్వడిగింది ఇచ్చాను" అనాలి, అప్పుడే తాగుతాడు. అన్నాక ఇక ప్రాణం మీదికొచ్చినా మాట తప్పడం లేదు. మా నాన్న తన తమ్ముణ్ణి చంపినవాణ్ణి అలాగే క్షమించాడు, మా అన్నయ్య ఆయన కొడుకు, ఆ గడపలో ఎవరైనా ముట్టని కప్పు ముందు కూర్చుంటే ఒంటిమీది చొక్కా ఇచ్చేస్తాడు, అన్నాను. మదామ్ కళ్ళింత చేసుకుంది. "పగవాడొచ్చి కూర్చున్నా?" అంది. "పగవాడైతే ఇంకా త్వరగా" అన్నాను.

అన్నయ్యా, ఆవిడ మెత్తబడింది. కర్నల్‌తో మాట్లాడిస్తానంది. నువ్వెలాంటి ఇంటివాడివో ఆయనకీ తెలియాలి కదా. ఆయన వస్తే మర్యాదగా చూడు. ఇప్పుడైనా చెప్పు, మా ఇల్లు నీకు పగవాళ్ళ ఇల్లా?

వస్ఫియా


ఖిర్బత్ హమద్
2011 మార్చి 24, గురువారం

వస్ఫియా,

నీ ఉత్తరం రాలేదు. చెక్‌పోస్టులు పెట్టి అబూ శలాష్ బస్సు ఆపేశారు. అలిగావేమో కూడా తెలియదు. అలిగితే న్యాయమే, ఆ మాట రాయకుండా ఉండాల్సింది. ఇది మందులు తేవడానికి వెళ్ళే మనిషి చేత పంపుతున్నాను.

పోయిన శుక్రవారం దరా పట్నంలో జనం మీద తుపాకులు పేల్చారు. అది మీ టీవీ చెప్పదు. మన కుర్రాళ్ళు రేపు మసీదు నుంచి నడుస్తామని తీర్మానించుకున్నారు.

నిన్న కర్నల్ మా ఇంటికి వచ్చాడు. తుపాకీ లేదు, జవాన్లు లేరు, పక్కన ఇద్దరు ముసలి పెద్దమనుషులు. బూట్లు విప్పి చాప మీద కూర్చున్నాడు. కాఫీ పోశాను. కప్పు తీసుకుని తన ముందు నేల మీద పెట్టి ఊరుకున్నాడు! ఎక్కడో సముద్రం ఒడ్డు మనిషి, వాడికిది ఎవరు నేర్పారో.

"మీ ఇంటికి అడగడానికొచ్చాను నాయిఫ్ గారూ" అన్నాడు. "చెప్పండి" అన్నాను.

"శుక్రవారం నమాజు అయ్యాక కుర్రాళ్ళెవరూ వీధిలో ఉండకూడదు. ఎవరింట్లో వాళ్ళు. నాకు పైనుంచి ఒత్తిడి ఉంది, ఇక్కడ రక్తం చూడలేను. మీ అబ్బాయి ఆ మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉంటాడు."

హమ్దా తెర వెనక నుంచి చిన్న శబ్దం చేసింది. నేను ఆలోచించలేదని అబద్ధమాడను. ఆలోచించాను. కానీ కప్పు చల్లారుతోంది. నాన్న కూర్చున్న చోటే కూర్చుని, అతిథి కప్పు చల్లారనివ్వనా? "తాగండి, ఇచ్చాను" అన్నాను. తాగాడు. నా నుదురు ముద్దుపెట్టుకుని వెళ్ళాడు.

ఇవాళ పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు. ప్రతి ఇంట్లో నేను కప్పు ముట్టకుండా కూర్చున్నాను, ఆ ఇంటాయన తన కొడుకుని ఇంట్లో ఉంచుతానని మాట ఇచ్చేదాకా. విధవరాలు ఉమ్ దియాబ్ ఇంట్లోనే కాస్త కష్టమైంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు దియాబ్, మనవాడి స్నేహితుడు, "పెదనాన్నా, వాళ్ళ మాట నమ్మి కూర్చోమంటావా?" అన్నాడు. "వాళ్ళ మాట కాదురా, నా మాట" అన్నాను. వాడు తల్లి వైపు చూశాడు. ఆవిడ, "మీ పెదనాన్న కప్పు పట్టుకుని ఎంతసేపు కూర్చుంటాడ్రా" అంది.

రేపు మిఫ్లెహ్ వస్తాడు. హమ్దా గొర్రెని కోయించింది. నా కోసం ప్రార్థించు.

అన్నయ్య


డమాస్కస్
2011 మార్చి 27

నా బంగారు అన్నయ్యా,

మిఫ్లెహ్ ఇంటికి చేరాడని మదామ్ సుహైర్ స్వయంగా మా ఇంటికొచ్చి చెప్పింది! ఆవిడ ఎప్పుడూ మా గడప తొక్కలేదు. పిస్తా మిఠాయి తెప్పించి వీధంతా పంచాను. మా ఆయన కూడా ఒకటికి రెండు తిని, "చూశావా, మంచిగా అడిగితే వీళ్ళూ మనుషులే" అన్నారు. ఈ ఒక్కసారికీ ఆయన మాట కాదనబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి. టీవీలో మన ఊరు చూపించారు! మసీదు గోడ, మంగలి దుకాణం, ఉమ్ దియాబ్ ఇంటి నీలం తలుపు, అన్నీ గుర్తుపట్టాను. వీధుల్లో పిట్ట లేదు. హౌరాన్ అంతా ప్రశాంతంగా ఉంది, అల్లర్లన్నీ బయటి దేశాలవాళ్ళు పుట్టించిన కట్టుకథలని చెప్పారు. ఆ ఖాళీ వీధులు చూసి సంతోషంతో కన్నీళ్ళొచ్చాయి. ఇదంతా నీ ఒక్కడి మాట వల్లే కదా.

ఇక మిఫ్లెహ్‌ని ఆలస్యం చేయకుండా పంపు. మా పై అంతస్తులో మంచి పిల్ల ఉంది, టీచరు పని చేస్తోంది. వాడి నోటికి సరైన మూత. కర్నల్ గారికి ఒక జాడీ పెరుగుముద్దలు పంపడం మరిచిపోకు. ఉప్పు తగ్గించు.

నీ చెల్లెలు
వస్ఫియా


ఖిర్బత్ హమద్
2011 ఏప్రిల్ 16

వస్ఫియా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మార్చి పదిన రాసింది ఇప్పుడు చదివాను. కర్నల్‌కి ఎవరు నేర్పారో తెలిసింది.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. కానీ మీ ఇంటివాణ్ణి అనుమానించి నిన్ను ఆ మదామ్ గుమ్మానికి తరిమింది నేను. ఆ కప్పుకి "తాగండి" అన్నది కూడా నేనే. అందుకని ఆ కోపాన్ని పంచుకుందాం, పెద్ద ముక్క నాకే ఉంచు.

జరిగింది రాస్తాను, మీ టీవీలో చూసింది చాలదు. శుక్రవారం నమాజు అయింది, అందరూ తలలు దించుకుని ఇళ్ళకి వెళ్ళారు. ఒక్కడూ మాట తప్పలేదు. నాకు గర్వంగా అనిపించింది. కాసేపటికి జవాన్లతో బస్సులు వచ్చాయి. మొదటి బస్సులోంచి మిఫ్లెహ్‌ని దించారు. సగం మనిషయ్యాడు, కుడి చెయ్యి పైకి లేవదు. కానీ వచ్చాడు. కర్నల్ మాట తప్పలేదు వస్ఫియా, నన్ను చంపుతున్నది అదే. హమ్దా వాణ్ణి కౌగిలించుకుని నేల మీద కూలబడింది. బస్సులు వెనక్కి తిరగలేదు. అవి ఇల్లిల్లూ ఆగాయి.

వెతుక్కునే పని లేదు. తరిమే పని లేదు. అందరినీ ఎవరింట్లో వాళ్ళని నేనే కూర్చోబెట్టాను. తలుపు కొడితే, మాట ఇచ్చిన ఇళ్ళు కదా, తలుపులు తెరిచారు. దియాబ్ బయటికి నడుస్తూ మా గుమ్మం వైపు చూశాడు. మిఫ్లెహ్ దిగిన బస్సే వాణ్ణి ఎక్కించుకుంది. అందరూ వెళ్ళిపోయాక, ఖాళీ వీధుల్లో, నీ టీవీ వాళ్ళు కెమెరా దించారు.

ఊరు ఏమనుకుందో నీకు చెప్పనవసరం లేదు. నాయిఫ్ తన కొడుకుని ఊరి కొడుకులిచ్చి కొనుక్కున్నాడు. నన్నెవరూ తిట్టలేదు. తిడితే ఊపిరాడేది.

వాళ్ళలో ఇంతవరకు తిరిగి వచ్చింది దియాబ్ ఒక్కడే. వచ్చి తీసుకెళ్ళమని తల్లికి కబురు చేశారు. పది మందికి మించకుండా పూడ్చాలి, ఏడుపు వినపడకూడదు, గుండె ఆగి పోయాడని సంతకం పెట్టాలి. పెట్టింది. పరామర్శకి వెళ్ళాను. కాఫీ అందరికీ పోశారు. నా దగ్గరికొచ్చేసరికి పోసే మనిషి నన్ను దాటి పక్కాయనకి పోశాడు. ఉమ్ దియాబ్ చూసింది, ఆపలేదు.

మిఫ్లెహ్ ఇప్పుడు మా ఇంట్లో ఉండడం లేదు. ఉమ్ దియాబ్ ఇంట్లో ఉంటున్నాడు. ఆమెకి నీళ్ళు మోస్తాడు, ఎడమ చేత్తో. నేను ఆ వైపు వెళితే పెద్దవాడొచ్చాడని లేచి నిలబడతాడు. కూర్చోమనడు. నీ టీచరు పిల్లకి వేరే సంబంధం చూడు.

నిన్న శుక్రవారం మళ్ళీ నడిచారు. ఈసారి కుర్రాళ్ళే కాదు, తల్లులు కూడా, గుడారాల వాళ్ళు కూడా. నడిచేది బోరు కోసమా, కూలి కోసమా, కోటు కోసమా అని ఎవరినీ అడగనక్కరలేకపోయింది. గెలుస్తారని నాకు అనిపించడం లేదు. చౌరస్తా అవతల సైన్యం యుద్ధట్యాంకు నిలబడి ఉంది. అది ఎవరి ఇంటి కాఫీ తాగదు. అయినా నేను కూడా తలకి గుడ్డ చుట్టుకుని బయల్దేరాను. ముందు నిలబడే అర్హత లేదు, చివర నడుద్దామనుకున్నాను. బతికి రాకపోయినా ఫరవాలేదనుకున్నాను, నిజం చెప్పాలంటే రాకపోతేనే బాగుండుననుకున్నాను.

మసీదు మలుపు దగ్గర వరస ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూశారు. మిఫ్లెహ్ అంత దూరం నుంచి నడిచి నా దగ్గరికొచ్చాడు. జారిన నా తలగుడ్డని ఎడమ చేత్తో సర్దాడు. కోపం లేదు వాడి గొంతులో, అదే భరించలేకపోయాను.

"నువ్వు ఇంట్లో ఉండు నాన్నా" అన్నాడు.

ఇంట్లోనే ఉన్నాను.

నాయిఫ్